మెత్తబడిన బ్రేకు పెడల్: కాలు చెప్పిన రెండు సంగతులు

ముందు చక్రాల కాలిపర్లు (ఆయిల్ ఒత్తిడితో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) రెండూ, వాటి ప్యాడ్లు, వెనక డ్రమ్ముల లోపలి గోడకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూలు, ఇవన్నీ సెలవు రోజుల్లో నేనే మార్చుకున్నాను. పాత కాలిపర్లలో పిస్టన్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి కాబట్టి ఆ పని తప్పనిసరి. బోల్టులు బిగించి, బ్రేక్ ఆయిల్ నింపి, పైపుల్లో గాలి తీసి, ఇంజిన్ ఆన్ చేసి పెడల్ మీద కాలు పెట్టాను. దాదాపు సగం దూరం వరకు అడ్డే తగల్లేదు. ఆ తర్వాతయినా గట్టిగా ఆగుతుందనుకుంటే, తడిగుడ్డల మూట మీద కాలు వేసినట్టు మెత్తగా దిగింది. కారు ఇంకా స్టాండ్ల మీదే ఉంది. పెడల్ బాగయ్యేదాకా చక్రాలు నేలకు ఆనకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

గాలి మిగిలిపోయి ఉంటుందని మొదటి అనుమానం. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. బ్రేకు మొత్తం ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంది. కాలి బలం పెడల్‌కు తగిలించిన మాస్టర్ సిలిండర్‌లో ఒత్తిడిగా మారి, పైపుల నిండా ఉన్న ఆయిల్ ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. దారిలో గాలి బుడగ ఉంటే ఆ బలం ముందు దాన్ని నలపడానికే పోతుంది.

చెల్లెలిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి మళ్లీ మొదలుపెట్టాను. చక్రం దగ్గర గాలి బయటికి తీసేందుకు ఉండే బోలు మర, అంటే నిపుల్‌కు, పారదర్శకమైన సన్నని గొట్టం తగిలించి, దాని రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచాను. "నొక్కు" అంటే నొక్కేది. నిపుల్ వదులు చేస్తే గొట్టంలోకి ఆయిల్ వచ్చేది. నిపుల్ బిగించాకే "వదులు" అనేవాణ్ణి. ఆ వరుస తప్పితే పెడల్ పైకి వచ్చేటప్పుడు గాలి తిరిగి లోపలికి వెళ్లిపోతుంది. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా ప్రతి అయిదారు నొక్కులకూ చూసుకున్నాను. సీసాలోకి దిగిన ఆయిల్‌ను మళ్లీ వాడలేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. నీరు చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే.

మూడుసార్లు నాలుగు చక్రాలూ తిరిగాను. చివరిసారి గొట్టంలో ఒక్క బుడగ కూడా కనిపించలేదు. పెడల్ మాత్రం మొదట ఎలా ఉందో అలాగే ఉంది.

ఇక మాస్టర్ సిలిండర్ పోయిందన్న భయం పట్టుకుంది. ఆ భయానికి కారణం లేకపోలేదు. మొదటిరోజు గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా నొక్కించాను. రోజువారీ వాడకంలో ఆయిల్ జారకుండా ఆపే లోపలి రబ్బరు సీళ్లు సిలిండర్‌లో అంత లోతుకు వెళ్లవు. పాత కారులో ఆ చివరి భాగంలో తుప్పు, మురికి పేరుకుని ఉంటాయి. వాటి మీద రాసుకుంటే సీలు అంచు చిరిగిపోవచ్చు. ఇప్పుడు పెడల్ కింద చెక్కముక్క పెట్టకుండా ఆ పని చేయను. కొత్త మాస్టర్ సిలిండర్ కొనేద్దామని దాదాపు తేల్చుకున్నాను.

అప్పుడు చెల్లెలు అంది: "అన్నయ్యా, ఎంతసేపు నొక్కిపట్టినా ఇది కిందికి జారడం లేదు. ఆగిన చోటే ఉంది. మెత్తగా మాత్రం ఉంది."

ఆ మాటతో నేను చేస్తున్న పొరపాటు తెలిసింది. మెత్తగా ఉందన్న ఒక్క మాట కింద వేర్వేరు జబ్బులను కలిపేస్తున్నాను. నొక్కిపట్టిన కాలు కింద పెడల్ మెల్లమెల్లగా జారిపోతే మాస్టర్ సిలిండర్ సీలును అనుమానించాలి, లేదంటే ఆయిల్ ఎక్కడో బయటికి కారుతోంది. జారకుండా, స్పాంజిలా తిరిగి తన్నుతూ ఉంటే గాలి ఉన్నట్టు, లేదా పాత రబ్బరు గొట్టం ఒత్తిడికి ఉబ్బుతున్నట్టు. మొదటి నొక్కులో చాలా దూరం దిగి, వెంటనే రెండోసారి నొక్కితే పైనే గట్టిగా ఆగితే, చాలావరకు షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ ఎక్కువైందని అర్థం. నా కాలు మొదటిరోజే రెండు సంగతులు చెప్పింది: సగం దాకా అడ్డు లేదు, ఆ తర్వాత మెత్తన. నేను రెండింటినీ ఒకటిగా విన్నాను.

ఊహలు పక్కనపెట్టి ఒక్కో చక్రాన్నీ విడదీసి చూద్దామనుకున్నాను. రబ్బరు గొట్టాలను గాయపరచకుండా నొక్కిపట్టే నున్నటి దవడల క్లాంపులు ఉంటాయి. పట్టకారుతో నొక్కితే గొట్టం లోపలి పొర తెగిపోతుంది. నాలుగు గొట్టాలకూ క్లాంపులు వేసి పెడల్ నొక్కితే రాయిలా ఆగింది, అదీ బాగా పైన. మాస్టర్ సిలిండర్ మీద అనుమానం అక్కడితో తీరిపోయింది. వెనక రెండూ తీశాను. పెడల్ ఇంకాస్త కిందికి దిగింది కానీ ఆగడం గట్టిగానే ఆగింది. అది గుర్తుపెట్టుకున్నాను. ముందు ఎడమది తీయగానే మెత్తదనం వచ్చింది. కుడిది కూడా తీస్తే రెట్టింపయింది.

రెండు కొత్త కాలిపర్లలోనూ ఒకే లోపమా? టార్చి పట్టుకుని ఎడమ కాలిపర్ ముందు చతికిలబడ్డాను. నిపుల్ కింది వైపున ఉంది. విప్పకముందు ఫోన్లో తీసుకున్న ఫోటో తెరిచి చూశాను. పాత కాలిపర్‌కు నిపుల్ పైన ఉంది.

ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించేశాను. రెండూ అద్దంలో బొమ్మల్లా ఒకేలా ఉంటాయి, బోల్టులు ఎటైనా సరిపోతాయి, ప్యాడ్లు కూడా చక్కగా కూర్చుంటాయి. తేడా నిపుల్ ఉండే చోటులోనే తెలుస్తుంది. ద్రవంలో గాలి పైకే పోతుంది కదా. పిస్టన్ వెనక గదిలో పైభాగాన గాలి నిలిచిపోయి ఉంది, నేను అడుగునుంచి ఆయిల్ తీస్తున్నాను. అలా ఎన్నిసార్లు తీసినా గొట్టంలోకి స్వచ్ఛమైన ఆయిల్ వస్తూనే ఉంటుంది, గాలి కదలదు. బుడగలు రాలేదంటే గాలి లేదనుకున్నాను. అది నిపుల్ దాకా వచ్చే దారే లేదని నాకు తట్టలేదు.

కాలిపర్లు విప్పి వాటి స్థానాలు మార్చాను. గొట్టం బోల్టుకు ఇరువైపులా ఉండే రాగి వాషర్లు కొత్తవి వేశాను. ఒకసారి నలిగిన వాషర్‌ను ఇలాంటి చోట నమ్మను. చెల్లెలు మళ్లీ సీట్లో కూర్చుంది. ఎడమ నిపుల్ వదులు చేయగానే గొట్టం గుడగుడమంది. ముందు ఆయిల్ లేని గాలి, తర్వాత నురగ, ఆ వెనక గోరంత బుడగలు, చివరికి ఆవగింజల్లా ఒకటీ రెండూ. "అన్నయ్యా, కాలికి ఏదో తగులుతోంది" అని లోపలినుంచి కేక వేసింది.

మెత్తదనం పోయింది. మొదటి నొక్కులోని ఖాళీ మాత్రం మిగిలింది. అది వెనక చక్రాలదని క్లాంపులు ముందే చెప్పాయి. సరిచూసుకోవడానికి హ్యాండ్‌బ్రేక్ లాగి పెడల్ నొక్కాను. వెంటనే పైన అందింది. హ్యాండ్‌బ్రేక్ షూలను డ్రమ్ము వైపు జరుపుతుంది కాబట్టి అలా జరిగితే ఖాళీ అక్కడే ఉన్నట్టు. హ్యాండ్‌బ్రేక్ దించి, కేబుల్ వదులుగానే ఉందని చూసుకుని, షూలను డ్రమ్ముకు దగ్గరగా జరిపేందుకు వాటి మధ్య ఉండే పళ్లచక్రాన్ని ఒక్కో పన్నూ తిప్పుతూ వచ్చాను. చక్రాన్ని చేత్తో తిప్పితే షూ సన్నగా రాసుకునే చప్పుడు రాగానే ఆపాను. రెండో వైపు కూడా అంతే.

ఇంజిన్ ఆపి పెడల్‌ను అయిదారుసార్లు నొక్కితే బిగుసుకుంది. అలాగే నొక్కిపట్టి నిమిషం పాటు చూశాను, జారలేదు. కాలు తీయకుండా ఇంజిన్ ఆన్ చేస్తే పెడల్ కొద్దిగా దిగి ఆగింది. అది ఇంజిన్ సాయంతో కాలి బలాన్ని పెంచే బూస్టర్ పనిచేస్తున్న గుర్తు. దాన్ని చూసి మళ్లీ మెత్తబడిందని కంగారుపడకూడదు.

ఆ రాత్రి నాలుగు చక్రాల వెనకా తెల్ల కాగితాలు పరిచాను. తెల్లవారాక చూస్తే నాలుగూ పొడిగా ఉన్నాయి. కారు దించి, ఖాళీ స్థలంలో నడక వేగంతో పదిసార్లు ఆపి చూశాను. పదోసారి కూడా పెడల్ అదే ఎత్తులో ఆగింది. అప్పుడు చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాను.