నవల రాయడం మానేశాక అనీ ఎర్నో

అనీ ఎర్నో పేరు పక్కన 'ఫ్రెంచ్ నవలా రచయిత్రి' అని రాయడం అందరికీ అలవాటైపోయింది. లెక్కకు దిగితే ఆమె రాసిన అచ్చమైన నవలలు మూడే. 1974, 1977, 1981లో వచ్చాయి. ఆ తర్వాత నలభై ఏళ్ళు నవల జోలికి పోలేదు. 2022లో నోబెల్ వచ్చింది ముఖ్యంగా ఆ మానేసిన తర్వాతి పనికే అని నా లెక్క. అందుకే ఆమెను చదవబోయేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది నవల ఎందుకు వదిలేసింది, బదులుగా ఏం పట్టుకుంది అన్నదే.

పుట్టింది 1940 సెప్టెంబరు 1న, నార్మండీలోని లిల్‌బోన్‌లో. పెరిగింది ఈవ్‌తో అనే చిన్న ఊళ్ళో. నాన్న మొదట పాలేరు, తర్వాత ఫ్యాక్టరీ కూలీ, ఆ పైన భార్యతో కలిసి కొట్టు పెట్టుకున్నాడు. ఒకపక్క కిరాణా, ఇంకోపక్క ఊళ్ళోవాళ్ళు కూర్చుని తాగే గది. కూతురు క్యాథలిక్ బళ్ళో చదివి, రువాఁ యూనివర్సిటీకి వెళ్ళి, సాహిత్యం చెప్పే టీచరయింది. 1962-63లో రాసిన తొలి నవలను స్యోయ్ ప్రచురణ సంస్థ తిప్పి పంపింది. పదేళ్ళ తర్వాత భర్తకు తెలియకుండా ఇంకొకటి రాసి పంపితే గాలిమార్ తీసుకుంది. 1974లో వచ్చిన ఆ 'లెజర్‌మ్వార్ వీద్'కి 'ఖాళీ బీరువాలు' అని అర్థం.

అందులో కథ చెప్పేది దనీజ్ లెస్యూర్ అనే కల్పిత అమ్మాయి. చట్టం ఒప్పుకోని రోజుల్లో గర్భస్రావం చేయించుకుని, హాస్టల్ గదిలో ఒంటరిగా ఎదురుచూస్తూ, తల్లిదండ్రుల మీదా చదువు మీదా కక్కే కోపమే పుస్తకమంతా. భాష బూతుల్తో, యాసతో మరుగుతూ ఉంటుంది. మంచి పుస్తకమే. కానీ ఎర్నో అంటే గుర్తొచ్చే గొంతు అది కాదు.

ఆ గొంతు నాన్న గురించి రాయబోయి చెడిపోయిన ప్రయత్నంలోంచి వచ్చింది. 1967లో ఆమె టీచరు ఉద్యోగపు పరీక్ష పాసైంది. సరిగ్గా రెండు నెలలకు, 67 ఏళ్ళ వయసులో, నాన్న పోయాడు. ఆయన్ను నాయకుడిగా పెట్టి నవల మొదలుపెట్టింది. సగానికొచ్చేసరికి రోత పుట్టి ఆపేసింది. చెడింది ఎక్కడంటే, కూలి మనిషిని నవల్లో పాత్ర చేయగానే అతను చదివేవాళ్ళకు జాలిపడే వస్తువో, ముచ్చటపడే వింతో అవుతాడు. రెండింట్లోనూ చదివేవాడు పైన, నాన్న కింద. అవసరాలకు తలొగ్గి బతికిన జీవితాన్ని చెప్పేటప్పుడు, కదిలించేలా రాయాలని చూసే హక్కు తనకు లేదని ఆమె తేల్చుకుంది.

1982 నవంబరులో మళ్ళీ మొదలుపెట్టి 1983 జూన్‌కి ముగించిందే 'లా ప్లాస్'. నూటికి కాస్త పైన పేజీలు, అంతే. ఆయన అన్న మాటలు, చేతుల కదలికలు, ఇష్టాయిష్టాలు, జీవితంలోని ముఖ్య ఘటనలు, బయటికి కనబడే గుర్తులు, ఇవి మాత్రమే పోగేసింది. ఉపమానాలు లేవు, మనసులోకి దూరి చూడడం లేదు. ఈ పద్ధతికి ఆమె పెట్టిన పేరుకి 'చదును రాత' అని అర్థం చెప్పుకోవచ్చు. ఇంటికి దూరంగా ఉన్న రోజుల్లో అమ్మానాన్నలకు ముఖ్యమైన సంగతులు చెప్పడానికి రాసిన ఉత్తరాల భాష ఇదేనంటుంది. మన ఇళ్ళలోనూ ఇలాంటి ఉత్తరాలుండేవి: "ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. పరీక్షలు అయిపోయాయి. వచ్చే వారం వస్తాను." అందులో ఎవరూ చమత్కారాలు పెట్టరు. పెడితే చదువుకున్న పొగరు అనుకుంటారు. ఎర్నో పట్టుకున్నది సరిగ్గా ఆ జాగ్రత్తనే.

ఈ పుస్తకానికి 1984లో రెనొదో బహుమతి వచ్చింది. ఏటా ఫ్రాన్సులోని పెద్ద సాహిత్య బహుమతి గోంకూర్ ప్రకటించే రోజే, పారిస్‌లోని అదే ద్రువాఁ రెస్టారెంటులో, దాని వెనకే దీన్నీ ప్రకటిస్తారు. ఆ ఏడు గోంకూర్ మరో ఫ్రెంచ్ రచయిత్రి మార్గరీత్ ద్యురాస్‌ది. ఇద్దరూ తమ గతాన్నే రాశారు. ద్యురాస్ వాక్యం ఊగుతుంది, ఎర్నో వాక్యం నిలబడుతుంది. పక్కపక్కన పెట్టి పది పేజీలు చదివితే తేడా తెలిసిపోతుంది.

తెలుగులోకి తేవాలనుకునేవాళ్ళు మొదట తట్టుకుని పడేది పేరు దగ్గరే. 'ప్లాస్' అంటే చోటు, ఉద్యోగం, అంతస్తు, మన హద్దు, అన్నీను. 'స్థానం' అంటే గ్రాంథికమవుతుంది, 'హోదా' అంటే అర్థం తిరగబడుతుంది. నాకైతే 'చోటు' నయమనిపిస్తుంది. రెండో చిక్కు వాలు అక్షరాలు. ఇంట్లోవాళ్ళ మాటలను ఆమె వాలు అక్షరాల్లో పెట్టి, ఇది పాఠకుడికి కన్నుగీటడానికి కాదని పుస్తకంలోనే చెబుతుంది. తెలుగు అచ్చులో వాలు అక్షరం నప్పదు కదా అని కొటేషన్లు పెడితే వెటకారం వచ్చేస్తుంది, అంటే ఆమె వద్దన్నదే వస్తుంది. ముదురు అక్షరాలు కొంత మేలు. మూడోది కనిపించని చిక్కు. ఫ్రెంచిలో క్రియ లేని వాక్యం బోసిగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెలుగులో "ఆయన వయసు 67" అంటే మామూలు వాక్యమే. ఆ బోసితనం మనకు ఉచితంగా దొరుకుతుంది, అందుకే వినబడదు. అనువాదకులు దాన్ని పూడ్చడానికి విశేషణాలు చేరిస్తే పని మొత్తం చెడుతుంది.

అమ్మ మీద రాసిన 'ఉన్ ఫామ్' 1980ల చివర్లో వచ్చింది. అల్జీమర్స్‌తో అమ్మ 1986 ఏప్రిల్ 7న పోయింది. అదే రోజుల్లో ఆసుపత్రిలో గీసుకున్న నోట్సు 1997లో విడి పుస్తకమైంది. ఎర్నో పనిలో ఈ జోడింపు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక సోవియట్ దౌత్య ఉద్యోగి మీది మోహం గురించి 'పాసియోఁ సింప్ల్' 1991లో చిన్న పుస్తకంగా వస్తే, దాని వెనకున్న డైరీ 2001లో వచ్చింది. మొదటి నవలలోని గర్భస్రావం 2000లో 'లెవెన్‌మాఁ'గా తిరిగొచ్చింది, ఈసారి కల్పిత పేరు లేకుండా, గర్భస్రావం చేసినావిడ తీసుకున్న 400 ఫ్రాంకులతో సహా. దీన్ని ఓద్రే దివాఁ సినిమా తీస్తే 2021లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. జోడీల్లో ముందు చిన్న పుస్తకం చదవండి, తర్వాత డైరీ. తిరగేస్తే డైరీ వేడికి చిన్న పుస్తకం చప్పగా అనిపిస్తుంది.

పనితీరు దగ్గర్నుంచి చూడాలంటే 1997 నాటి 'లా ఓంత్' తీసుకోవాలి. పేరుకి 'సిగ్గు' అని అర్థం. 1952 జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న అమ్మను చంపబోయాడని మొదటి వాక్యమే చెప్పేస్తుంది. అప్పటికి తనకు పన్నెండు నిండలేదు. ఎవరైనా ఆ గొడవను సాగదీస్తారు. ఎర్నో రువాఁలో పాత పత్రికల దగ్గరికి వెళ్ళి 1952 నాటి దినపత్రిక తిరగేస్తుంది. తర్వాత ఊరి వీధులు, ఎవరు ఎక్కడ ఉండేవారు, ఇంట్లో ఏ మాట అనకూడదు, బళ్ళో ఏ నియమాలు, ఇవన్నీ వరసగా పెడుతుంది. ఘటనకు కారణం చెప్పదు. అది సిగ్గుగా మారడానికి కావలసిన సరంజామా అంతా చూపిస్తుంది.

ఇక 2008 నాటి 'లేజానే', అంటే 'ఏళ్ళు'. యుద్ధకాలం నుంచి 2006 వరకు సాగే ఈ పుస్తకానికి ఎన్నేళ్ళు తడుముకుందో 2011లో అచ్చయిన ఆమె రచనా దినచర్యలో కనిపిస్తుంది. తన కథే అయినా 'నేను' అనదు. ఫొటోలు చూస్తూ తనను 'ఆమె' అంటుంది. మిగతాచోట్ల ఫ్రెంచిలోని 'ఓఁ' వాడుతుంది, అది మనమూ, జనమూ, ఎవరైనానూ. ఇంగ్లీషు అనువాదకులకు ఇదో తలనొప్పి. తెలుగులో 'మేము', 'మనం' వేరు కాబట్టి ఇంకా కష్టమనుకుంటాం. కానీ సర్వనామం వదిలేసి "వెళ్ళేవాళ్ళం, తినేవాళ్ళం" అనండి. మేమో మనమో తేలదు. పైగా ఆమెకు కావలసిన ఎడతెగని భూతకాలం కూడా ఆ క్రియలోనే ఉంది. అసలు దెబ్బ 'ఆమె' దగ్గర తగులుతుంది. ఫ్రెంచిలో చంటిపిల్ల ఫొటోకీ, అరవై దాటిన మనిషి ఫొటోకీ ఒకటే సర్వనామం. మనం పాప, ఆ పిల్ల, ఆమె, ఆవిడ అని మర్యాద పెంచుకుంటూ పోతాం. మొదటి ఫొటో నుంచే 'ఆమె' అని మొండిగా పట్టుకోవాలి, ఎబ్బెట్టుగా ఉన్నా సరే.

నోబెల్ ప్రసంగంలో ఆమె తన 22వ ఏట డైరీలో రాసుకున్న మాటను గుర్తుచేసింది, తన 'రాస్' పగ తీర్చడానికి రాస్తానని. దీన్ని 'జాతి' అని తెలుగు చేస్తే ఎక్కడికో పోతుంది. ఆమె అన్నది కూలీలు, చిన్న కొట్లవాళ్ళు, మాట్లాడడం రాదని సిగ్గుపడినవాళ్ళ గురించి. 'మావాళ్ళు' చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే 'లా ప్లాస్'తోనే. చివరి పేజీ దగ్గర ఆగి చూడండి. సూపర్‌మార్కెట్ కౌంటర్లో ఉన్న అమ్మాయి ఒకప్పటి విద్యార్థిని అని గుర్తుపడుతుంది. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానంటుంది, ఆ వృత్తి చదువు కుదరలేదంటుంది. ఏ చదువుకు ఎందుకు పంపారో టీచరుకు గుర్తు లేదు. ఈవిడ వెళ్ళొస్తానంటుంది. అప్పటికే ఆ అమ్మాయి ఎడమ చేత్తో వెనకవాళ్ళ సరుకులు అందుకుంటూ, కుడి చేత్తో చూడకుండానే ధరలు కొడుతోంది.