నాయన వేలు గనిలోనే పోయిందని రాయించుకునేసరికి

నిన్ననే నాయన పరిహారం కేసులో ఆర్డరు కాపీ చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నా.

మాది తాడిపత్రి దగ్గర పల్లె. నాయన నల్లబండల గనిలో కూలి. 2023లో బండ ఎత్తుతుంటే అది జారి చేతిమీద పడి, కుడిచేతి చూపుడు వేలు రెండు కణుపులు పోయాయి. మేస్త్రీ ముందు పీహెచ్‌సీకి, అక్కడ్నించి ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆపరేషన్ ఖర్చంతా యజమానే కట్టాడు. ఎంత మంచోళ్లో అనుకున్నాం. డిశ్చార్జి చీటీలో చూస్తే "బైకు మీద నుంచి పడ్డాడు" అని ఉంది. నాయన లోపల మత్తులో ఉంటే, బయట మేస్త్రీ చెప్పిందే రాసుకున్నారు.

మైనింగ్ ఆఫీసుకెళ్తే, తాము చూసేది లీజులు, రాయల్టీ మాత్రమేనని, గని ప్రమాదాలు కేంద్రం కింద ఉండే గనుల భద్రతా విభాగం, డీజీఎంఎస్, చూస్తుందని చెప్పారు. నిజమే. వాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపా. పరిహారం కోసం లేబర్ శాఖలో పిటిషన్ వేశా. దానికి రెండేళ్ల గడువుంది, సాగదీయొద్దు.

అసలు నరకం విచారణ రోజు. యజమాని తరఫు వకీలు రెండు రిజిస్టర్లు బల్ల మీద పెట్టాడు. మొదటిది హాజరు పట్టీ. ఆ తేదీన నాయన పేరు ఎదురుగా ఎర్ర ఇంకుతో గైర్హాజరు. రెండోది ప్రమాదాల రిజిస్టరు. అట్ట ఇంకా పెళపెళలాడుతోంది. ఏడాది పొడవునా ఒకే చేతిరాత, ఒకే పెన్ను: నిల్, నిల్, నిల్. బండల గనిలో ఏడాదంతా ఒక్కడి కాలు కూడా బెణకలేదంట! మేస్త్రీ నాయన మొహంలోకి చూడకుండానే, "ఆ పొద్దు ఈయన పనికే రాలేదు సార్" అన్నాడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, మా అక్క పెళ్లిలో వడ్డన చేసిన మనిషి. వకీలు నాయన్ని చెయ్యి పైకెత్తి చూపించమన్నాడు. చూపించాక, "తాగి బండి నడిపితే ఇట్లే అవుతుంది" అన్నాడు. నాయన జన్మలో బైకు నేర్చుకోలేదు. అది చెప్పడానిక్కూడా ఆయనకు నోరు పెగల్లేదు.

పైగా కొత్త వాదన: మాది చిన్న గని, గనుల చట్టం వర్తించదు అని. ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1952 చట్టంలో సున్నపురాయి, ఇంటి రాళ్ల గనులకు అలాంటి మినహాయింపు ఉన్నమాట వాస్తవం. కానీ ఆరు మీటర్ల లోతు దాటకూడదు, ఒక్క రోజు కూడా యాభై మందికి మించి పనిలో ఉండకూడదు, పేలుడు మందు వాడకూడదు. ఒక్కటి తప్పినా మినహాయింపు పోతుంది. మా గని అంచున నిలబడితే అడుగున మనిషి బొమ్మలా కనపడతాడు. అదే చట్టంలో, శరీరంలో ఒక భాగం శాశ్వతంగా పోతే అది తీవ్రమైన గాయం కింద లెక్క. యజమాని వెంటనే డీజీఎంఎస్‌కి నోటీసు పంపాల్సింది, దాని కాపీ గని బోర్డు మీద పద్నాలుగు రోజులుంచాల్సింది. ఇదంతా నేను డిగ్రీ ఫెయిలైన బుర్రతోనే చదివి చెప్పా. వకీలు అప్పుడు నాకేసి సరిగా చూశాడు.

గట్టెక్కించింది మాత్రం పీహెచ్‌సీ ఓపీ రిజిస్టరు. స్టాఫ్ నర్సు అక్క పాత పుస్తకాలు దించి, వేలితో వరసలు వెతికి చూపించింది: నాయన పేరు, తేదీ, ఎదురుగా "గనిలో బండ పడి". అంత రద్దీలోనూ ఆ నాలుగు ముక్కలు రాసిన డాక్టరు ఎవరో గానీ, చల్లగా ఉండాలి. దాని నకలు పెట్టాక మేస్త్రీ తర్వాతి వాయిదాకి రాలేదు.

దెబ్బలకే ఇట్లుంటే జబ్బుల సంగతి చెప్పక్కర్లేదు. రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ని కూడా యజమాని, చూసిన డాక్టరు ప్రభుత్వానికి తెలపాల్సిందే. మా పక్క చాలామందికి టీబీ అని రాసి మాత్రలిచ్చి పంపేశారు.

రెండు కణుపులు పోతే సంపాదించే శక్తిలో పదకొండు శాతం పోయినట్టు చట్టం లెక్క. దాని ప్రకారమే ఆర్డరిచ్చారు. నెలలోపు కట్టనందుకు పన్నెండు శాతం వడ్డీ కూడా పడింది. యజమాని ఇంకా జమ చేయలేదు.

ఇప్పుడు చుట్టుపక్కల గనుల్లో ఎవరికి దెబ్బ తగిలినా నాకే ఫోను. మొన్న ఒకాయనకు కాలు విరిగితే, వాళ్ల తమ్ముడికి ఒకటే చెప్పా: మేస్త్రీ నోరు తెరవకముందే డాక్టరుకు నువ్వు చెప్పు, చీటీ మీద ఏం రాశారో ఫొటో తీసి నాకు పంపు.