సూత్రాలన్నీ వచ్చు, బిట్లు మాత్రం తప్పు: కరెంటు లెక్కలతో నా కుస్తీ

పరీక్ష మొదటి అటెంప్ట్‌లో కరెంటు లెక్కల మీద నాలుగు బిట్లు వచ్చాయి. హాల్లోంచి హుషారుగా బయటికొచ్చాను. కీ చూసుకుంటే మూడు తప్పు. ఓం నియమం (వోల్టేజ్ అంటే కరెంటు ఇంటూ రెసిస్టెన్స్) నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పవర్‌కి వీఐ, ఐ స్క్వేర్ ఆర్, వీ స్క్వేర్ బై ఆర్ మూడూ కంఠతా వచ్చు (వీ అంటే వోల్టేజ్, ఐ అంటే కరెంటు, ఆర్ అంటే రెసిస్టెన్స్). మరి మార్కులు ఎక్కడ పోయాయి?

ఒక బిట్ ఇది. 220 వోల్టులు, 100 వాట్లు అని రాసి ఉన్న బల్బును 110 వోల్టులకు కలిపితే ఎంత పవర్ తీసుకుంటుంది? వోల్టేజ్ సగమైంది కదా అని 50 పెట్టేశాను. వోల్టేజ్ సగమైతే కరెంటూ సగమవుతుంది, పవర్ నాలుగో వంతవుతుంది, కాబట్టి జవాబు 25. బల్బు మీద రాసిన 100 వాట్లు దాని సొంత ఆస్తి అనుకోవడమే నా పొరపాటు. ఆ అంకె 220 దగ్గరే చెల్లుతుంది. బల్బు ఎక్కడికి పోతే అక్కడికి వెంట వచ్చేది దాని రెసిస్టెన్స్. 220ని 220తో గుణించి 100తో భాగిస్తే 484 ఓంలు. నిజానికి ఫిలమెంట్ (బల్బు లోపల వెలిగే తీగ) చల్లబడితే రెసిస్టెన్స్ బాగా పడిపోతుంది, వెలగని బల్బుకి మల్టీమీటర్ పెడితే ఇందులో పదో వంతు కూడా చూపించకపోవచ్చు. పరీక్షలో మాత్రం మారదనే అనుకోండి, లేకపోతే లెక్క తెమలదు.

రెండో బిట్ 100 వాట్లది, 60 వాట్లది సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందని. రెండూ 220 వోల్టుల బల్బులే, సప్లై కూడా 220. వంద పెద్దది కదా అని వందే పెట్టాను. ఇంటికొచ్చి లెక్క కట్టాను. 60 వాట్ల బల్బు రెసిస్టెన్స్ దాదాపు 807 ఓంలు, రెండోదానికి 484. సిరీస్‌లో రెండింట్లోనూ పారేది ఒకే కరెంటు, సుమారు 0.17 ఆంపియర్. ఐ స్క్వేర్ ఆర్ వేస్తే 60 వాట్లదానికి 23.4 వాట్లు, 100 వాట్లదానికి 14.1. చిన్నదే గెలిచింది! రెండూ కలిపితే 37.5. ఇది 60ని 100తో గుణించి 160తో భాగిస్తే నేరుగా వచ్చేస్తుంది. టైమ్ లేనప్పుడు బాగా పనికొస్తుంది, కానీ ఎందుకు వస్తుందో ఒక్కసారైనా రాసి చూసుకోండి.

మూడోది సిగ్గుచేటు. 12 వోల్టులు, 30 మిల్లీ ఆంపియర్లు, నిరోధం (అదే, రెసిస్టెన్స్) ఎంత? 12ని 30తో భాగించి 0.4 ఓం పెట్టాను, ఆ ఆప్షన్ నాలాంటివాళ్ల కోసమే ఉంది. వోల్టుల్ని మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది కిలో ఓంలు, 0.4 కిలో ఓం అంటే 400 ఓంలు. గుణిస్తే మిల్లీ వాట్లు, 360. తెలుగు మీడియం వాళ్లకి ఇంకో మాట: పేపర్లో పవర్‌ని సామర్థ్యం అంటారు, దక్షత (ఎఫిషియెన్సీ) వేరు. కంగారులో నేను ఒక మాక్ టెస్ట్‌లో ఇదీ తికమకపడ్డాను.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను తిప్పలు పెట్టింది పరీక్షలో రాని డౌట్. దూరానికి కరెంటు పంపేటప్పుడు వోల్టేజ్ పెంచితే నష్టం తగ్గుతుందంటారు. వీ స్క్వేర్ బై ఆర్ ప్రకారం పెరగాలి కదా? రెండు రోజులు దీని మీదే కూర్చున్నాను. చివరికి అంకెలు పెట్టాను. 10 కిలోవాట్లు, 1000 వోల్టుల దగ్గర పంపుతున్నాం, తీగ రెసిస్టెన్స్ మొత్తం 2 ఓంలు. కరెంటు 10 ఆంపియర్లు, నష్టం 200 వాట్లు. అదే 1000ని వీ స్క్వేర్ బై ఆర్‌లో వేస్తే 5 లక్షల వాట్లు! పంపింది పది వేలైతే పోయింది ఐదు లక్షలా? అప్పుడు వెలిగింది. ఆ సూత్రంలో వీ అంటే తీగ రెండు కొసల మధ్య పడిపోయే వోల్టేజ్, 10 ఇంటూ 2, అంటే 20 వోల్టులు. 400 బై 2 చేస్తే మళ్లీ 200 వాట్లే. పంపే వోల్టేజ్ పెంచితే అదే పవర్‌కి కరెంటు తగ్గుతుంది, అందుకే నష్టమూ తగ్గుతుంది. మూడు సూత్రాలూ ఎప్పుడూ ఒకే జవాబు ఇస్తాయి, ఎవరి వోల్టేజ్ వాళ్లకి ఇస్తే.

తర్వాత కొత్త మెటీరియల్ కొనడం మానేసి, ఏ లెక్క చేసినా రఫ్ వర్క్‌లో ముందు రెండు ముక్కలు రాసుకోవడం మొదలుపెట్టాను: ఇక్కడ మారనిది ఏది? ఈ వోల్టేజ్ దేని కొసల మధ్య? హీటర్ కాయిల్‌ని సగానికి కోసి ఒక ముక్కని అదే సప్లైకి కలిపితే పవర్ రెట్టింపు, కోయకుండా ఆ తీగని రెట్టింపు పొడవుకి సాగదీస్తే పవర్ నాలుగో వంతు. ఇవన్నీ విడివిడి ట్రిక్కులుగా బట్టీ పట్టే అవసరం తప్పింది.

రెండో అటెంప్ట్‌లో ఒకటే వచ్చింది. మారని నిరోధంలో కరెంటు 10 శాతం పెరిగితే సామర్థ్యం ఎంత శాతం పెరుగుతుంది? ఆప్షన్లలో 10, 20, 21, 100. పెన్ను 20 దగ్గరికి వెళ్లింది. మారనిది ఆర్ అని రాసుకుని 1.1ని 1.1తో గుణించాను. 21 పెట్టి తర్వాతి పేజీ తిప్పాను.