మడమల మీద చుక్కలు

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అరచెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది. ప్రభలు కౌశిక దాటుతున్నాయి, బాణసంచా మోగుతోంది, తోట నిండా జనం. "అమ్మా, ఇంటికి వెళదామా" అంది. తీర్థం చూడాలని వారం రోజులుగా ఎదురుచూసింది తనే.

ఇల్లు చేరేసరికి తీర్పు చెప్పేశారు. "కెనడాలో పెరిగిన పిల్ల కదా, జనం పడరు" అన్నారు చుట్టాలు. నా మనసు చివుక్కుమంది. ఎందుకంటే అక్కడ చిన్న తరగతిలో టీచరమ్మ ఇదే మాట తిరగేసి చెప్పింది: ఇంట్లో వేరే భాష, వేరే పద్ధతి, అందుకే పిల్లకు బెదురు అని. వీళ్లు ఆ దేశం మీదికి నెడితే వాళ్లు ఈ దేశం మీదికి నెట్టారు. నేనూ నమ్మాను. కొన్నేళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడడమే తగ్గించాను. ఆ ఏళ్లు తిరిగి రావు.

మా అమ్మాయి నెలలు నిండకుండానే, ఇరవై ఏడో వారంలో పుట్టింది. బరువు 900 గ్రాములు. రెండున్నర నెలలు గాజు పెట్టెలో పెరిగింది. రాత్రీ పగలూ ఒకటే వెలుతురు, యంత్రాల కూతలు, రక్తపరీక్షకని రోజూ మడమ మీద సూది.

ఇలా పుట్టినవాళ్లు పెద్దయ్యాక ఎలా ఉంటారో మేముండే హామిల్టన్‌లోనే మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూశారు. 1977–82 మధ్య కిలోలోపు బరువుతో పుట్టినవారిని ముప్పై ఏళ్లు దాటేదాకా పలకరిస్తూ వచ్చారు. చాలామంది చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ మాట చదివాకే నాకు ఊపిరి ఆడింది. తాగుడు, మత్తు అలవాట్లు వీరిలో తక్కువే. ఆందోళన, కుంగుబాటు మాత్రం మామూలు బరువుతో పుట్టినవారికంటే ఎక్కువ.

మా నాన్నకు ఇలా చెప్పాను. ధవళేశ్వరంలో వరదను బట్టి తలుపులు ఎత్తుతారు, దించుతారు కదా. అలాగే భయం కలిగినప్పుడు మెదడు కబురు పెడితే, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోను వదులుతాయి. గండం గడిచాక మళ్లీ మెదడే ఆపమంటుంది. మామూలుగా కార్టిసాల్ పొద్దున ఎక్కువగా ఉండి రాత్రికి తగ్గుతుంది. తల్లి కడుపులో నెమ్మదిగా అమరవలసిన ఆ తలుపులు, మన పిల్లకు సూదుల మధ్య అమరాయి. ఇలాంటివారిలో కొందరికి కార్టిసాల్ ఎక్కువగా ఊరుతుంది, మరికొందరికి అవసరమైనప్పుడు కూడా మందకొడిగానే వస్తుంది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "అయితే అది పొగరు కాదన్నమాట" అన్నారు.

కాదు నాన్నా. పెంపకమూ కాదు, దేశమూ కాదు.

అలాగని అది నుదుటిరాత అనీ నేను ఒప్పుకోను. కౌన్సెలింగ్‌తో, వేళకు నిద్రతో తను చాలా తేరుకుంది. ఒక్క మాట మాత్రం తోటి తల్లులకు గట్టిగా చెబుతాను. మా అమ్మాయి పెద్దయ్యాక ఏ డాక్టరూ పుట్టినప్పటి బరువు తనంతట తాను అడగలేదు. మేమే చెప్పాం. చెప్పాకే డాక్టరు ఆందోళన గురించి కూర్చోబెట్టి అడిగారు.

ఆ రాత్రి పెరటి అరుగు మీద అమ్మ మనవరాలి కాళ్లకు కొబ్బరినూనె రాస్తూ ఆగింది. మడమ మీద ఆవగింజంత తెల్లటి చుక్కలు, పది పన్నెండు ఉంటాయి. "ఇవేమిటే?" అంది. పుట్టినప్పటి సూది మచ్చలని చెప్పాను. అమ్మ కళ్లద్దాలు తెప్పించుకుని, దీపం దగ్గరికి జరిపి, ఒక్కొక్క చుక్కనూ వేలితో తాకి చూసింది.

మర్నాడు చుట్టాలొచ్చి "పిల్లేదీ, బయటికి రాదేం" అంటే అమ్మే జవాబు చెప్పింది. "వస్తుంది. దానికి కాస్త వ్యవధి ఇవ్వండి." అరగంటకు మా అమ్మాయి కాఫీ గ్లాసులతో వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది.