ఎమ్‌కీ జీకీ మధ్య

పదకొండు దాటింది. ఆయన పడుకుని గంటయింది. చిన్నోడి గదిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, చదువో ఫోనో నేనడగను. ఒక్క అక్షరం కోసం లేచి కూర్చున్నాను. అదీ తెలుగక్షరం కాదు.

ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా వారమే ఉంది కదా, ఇల్లు దులుపుడు పెట్టుకున్నాను. సజ్జ మీదున్న నా డీటీపీ షాపు సామాను, అదే యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు టైపు చేసి బైండింగ్ చేయించిన షాపుది, దించమని అత్తమ్మ మూడేళ్లుగా పోరుతోంది. ఇవాళ దించాను. నల్ల రెగ్జిన్ అట్టలు, మెరూన్ అట్టలు, బంగారు రంగు అక్షరాలు. మొత్తం ముప్పై ఒక్క థీసిస్‌లు. ఎక్కువ కొట్టించి తీసుకుపోనివి, పేజీలు తారుమారైనవి, డబ్బులివ్వక వదిలేసినవి. 2020 ఆగస్టు వానలకు హనుమకొండ నయీంనగర్ నాలా పొంగి షాపులోకి నీళ్లొచ్చినప్పుడు కింద పెట్టిన సీపీయూ, దాంట్లో ఉన్న పదిహేడేళ్ల పని మొత్తం పోయింది. పై అరలో ఉన్న ఈ పనికిరానివి మాత్రం చుక్క తడవలేదు.

పాతపేపర్లాయన గేటు దగ్గరే కూర్చున్నాడు. మొదటి థీసిస్ చేతిలోకి తీసుకుని, "అక్కా, గీ అట్టలు నడువయి" అన్నాడు. నేను మాట్లాడేలోపే కాలి బొటనవేలుతో ఒక అట్ట తొక్కిపట్టి, రెండోది చేత్తో పట్టి పరపరా చించేశాడు. వెన్ను నుంచి ఎండిపోయిన గమ్ము పొడిలా రాలింది. "రెగ్జిను, గమ్ము లోపలికి పోతె గుజ్జు ఖరాబైతదక్కా, మిల్లోడు తీస్కోడు" అని వివరం చెప్పాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ అట్టకు నేను బైండరుకు ఒక్కోదానికి 80 రూపాయలిచ్చినదాన్ని. గైడు సంతకం కోసం ఆరు నెలలు తిరిగిన పిల్లలు ఆ అట్ట మీద వేలితో తమ పేరు తడుముకోవడం చూసినదాన్ని.

అదైనా ఓర్చుకున్నాను. అట్టలన్నీ చించాక, కాగితాలు హుక్కు కాంటాకు తగిలించి తూచాక, "అట్టలకు కిలోన్నర తీసేస్తున్న" అన్నాడు! అట్టలు నీ కాళ్ల కింద ఉన్నాయి కదయ్యా అంటే, "గమ్ము ఉంటది కద అక్కా" అంటాడు. గమ్ము కిలోన్నరుంటదా? కిలో 12 రూపాయల లెక్కన కిలోన్నర అంటే 18 రూపాయలు. డబ్బు కాదు, ఆ లెక్క. మా ఆయన లోపలినుంచి "పోనియ్యవే" అన్నాడు. ఆయన దేన్నైనా పోనిస్తాడు, పోతే మళ్లీ కొనుక్కొచ్చేది నేను.

ఆ కుప్పలో ప్లాస్టిక్ రీసైక్లింగ్ మీద ఒక ఎం.ఫిల్ కూడా ఉంది. దానికి మీద ప్లాస్టిక్ లామినేషన్ కూడా వేయించారు, అది అసలు దేనికీ పోదట. నీళ్ల సీసా పెట్ రకం ప్లాస్టిక్ కాబట్టి మునుగుతుంది, మూత వేరే ప్లాస్టిక్ కాబట్టి తేలుతుంది, ముక్కలు చేసి నీళ్లలో వేస్తే రెండూ విడిపోతాయి అని దాంట్లో ఒక అధ్యాయమే కొట్టాను. ఊరుకోలేక పేపర్లాయన్నడిగాను, సీసా మూతలు వేరుగా ఎందుకు పెడతావు అని. "మూత తేల్తది, సీస మునుగుతది, రెండిట్ల రేటు వేరే" అన్నాడు. ముప్పై పేజీల అధ్యాయం ఒక్క ముక్కలో అయిపోయింది. ఇది సరదాగా అనిపించింది. ఇవాళ సరదా అంటూ ఉంటే ఇదొక్కటే.

ఇక అసలు సంగతి. చించడానికి ముందు ఒకదాన్ని ఊరికే తెరిచాను. 2011లో ఒక డాక్టరు గారి ఎండీ థీసిస్, థైరాయిడ్ తక్కువున్న ఆడవాళ్ల మీద. మొదటి అధ్యాయం నాకు గుర్తే. 1914 క్రిస్మస్ రోజున అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్ థైరాయిడ్ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్‌ను విడదీశాడు అని మొదలవుతుంది. కొట్టేటప్పుడు నాకు థైరాయిడ్ లేదు, అంటే ఉందని తెలియదు. ఐదేళ్ల తర్వాత నాకే వచ్చింది. ఇప్పుడు రోజూ పొద్దున ఐదున్నరకు పరగడుపున మాత్ర, గంటదాకా చాయ్ లేదు, కాల్షియం గోళీకి నాలుగు గంటల ఎడం. అందుకే 47వ పేజీలో డోసుల పట్టిక మీద కన్ను ఆగింది.

50 ఎమ్‌జీ అని ఉంది. దాని కింద 75 ఎమ్‌జీ, 100 ఎమ్‌జీ. పదకొండు చోట్ల.

నా స్ట్రిప్ మీద 50 ఎమ్‌సీజీ అని ఉంటుంది. మైక్రోగ్రాము. మిల్లీగ్రాము దానికి వెయ్యింతలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి గొంతులోని గ్రంథి రోజంతా కష్టపడి తయారుచేసేది ఓ 80 నుంచి 100 మైక్రోగ్రాములు. ఆ పట్టిక ప్రకారం వేసుకుంటే ఒక్క రోజులోనే ఏడాదిన్నర థైరాక్సిన్.

మొదట డాక్టరు గారి మీదే కోపమొచ్చింది. చూసుకోవద్దా? తర్వాత పేపర్లాయన "చింపాల్నా వద్దా అక్కా" అని రెండోసారి అడుగుతుండగా గుర్తొచ్చింది, 2012 జూలై.

అప్పుడు ఫిజిక్స్ తమ్ముడొకడు వచ్చేవాడు, చాయ్‌లో రస్కు ముంచి మర్చిపోయేవాడు. హిగ్స్ కణం మీద థీసిస్, ఉందని లెక్కల్లో చెప్పడమే తప్ప అప్పటికి ఎవరికీ దొరకని సూక్ష్మకణం అది. బైండింగ్ అయిపోయి బిల్లు దగ్గర బేరమాడుతున్న రోజులు. జూలై 4 మధ్యాహ్నం పరుగెత్తుకుంటూ వచ్చాడు. జెనీవా దగ్గర కణాల ప్రయోగశాల సెర్న్‌లో ఆ కణం దొరికిందని ప్రకటిస్తున్నారు, నెట్ పెట్టు అక్కా అన్నాడు. కరెంటు లేదు, ఇన్వర్టర్ మీద ఒక్క కంప్యూటరే. వీడియో తిరగడం, ఆగడం, తిరగడం. 27 కిలోమీటర్ల సొరంగమట, ప్రోటాన్లను ఎదురెదురుగా తెచ్చి ఢీకొట్టిస్తారట. నాకు అర్థమైంది తక్కువ, చూసింది మాత్రం ఫాంటు. ప్రపంచమంతా చూస్తున్న ఆ స్లయిడ్లు కామిక్ సాన్స్‌లో ఉన్నాయి! పెళ్లి పత్రికకు కూడా వద్దంటాను నేను ఆ ఫాంటు. మన దగ్గరేమో టైమ్స్ న్యూ రోమన్ 12 కాకపోతే థీసిస్ వెనక్కి కొడతారు. తమ్ముడు అవేం వినలేదు. చాయ్ చల్లారింది, రస్కు గ్లాసు అడుగుకు పోయింది, వాడి కళ్లల్లో నీళ్లున్నాయి.

మర్నాడు పొద్దున్నే షాపు తీయకముందే షట్టర్ ముందు నిలబడ్డాడు. "అక్కా, థీసిస్ అంతా 'ఇంకా దొరకలేదు' అని ఉంది. 'దొరికింది' అని మార్చాలె." అట్టలు ఊడదీసి, ఎన్ని వాక్యాల్లో కాలం మార్చామో! వాళ్ల కొలతలో కణం బరువు 125 అని, 5 సిగ్మా అనే మాట చేర్చాం. 5 సిగ్మా అంటే అలాంటి కణమే లేకుండా ఊరికే ఇంత ఫలితం వచ్చే అవకాశం 35 లక్షల్లో ఒకటట. నేను మళ్లీ నీటుగా ప్రింటు తీసిచ్చాను. సాయంత్రానికి మొహం వేలాడేసుకుని వచ్చాడు. 5 సిగ్మా అన్నచోటల్లా 5 ఎస్ అని ఉంది. వాళ్ల సారు "ఐదు సెకన్లలో దొరికిందా?" అన్నాడట.

తప్పెక్కడో అప్పుడు తెలిసింది. గ్రీకు అక్షరాలుండే సింబల్ ఫాంటు పెట్టి ఎస్ కొడితే తెర మీద సిగ్మా కనిపిస్తుంది. లోపల ఉండేది ఎస్సే. పనంతా అయ్యాక నేను కంట్రోల్ ఏ కొట్టి, మొత్తం పేజీలన్నీ ఒకేసారి ఎంచుకుని, అంతా టైమ్స్ న్యూ రోమన్ చేసేదాన్ని, నీటుగా ఉంటుందని. ఆ దెబ్బకు సిగ్మా వేషం తీసేసి ఎస్ అయిపోయేది. లెక్కలు, గుర్తులు రాసే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లోనైతే సిగ్మాను సిగ్మా అనే పేరు రాసి పిలుస్తారట, ఫాంటు మారినా పేరు మారదు. "మీ దగ్గర వర్డ్ ఒక్కటే ఉందని ఊకున్న" అన్నాడు తమ్ముడు. ఆ రోజు నుంచి కంట్రోల్ ఏ మానేశాను. ముందుకు మానేశాను, వెనక్కి మాత్రం చూసుకోలేదు. సింబల్ ఫాంటులో ఎమ్ కొడితే వచ్చేది మ్యూ. మ్యూజీ అంటే మైక్రోగ్రాము. వేషం తీస్తే ఎమ్‌జీ.

అంటే 2011 పట్టికలో మ్యూని మింగింది డాక్టరు గారు కాదు, నా రెండు వేళ్లు.

వర్డ్‌లో తప్పు చూపే ఎర్ర గీత కూడా పడదు దానికి. ఎమ్‌జీ సరైన స్పెల్లింగే కదా. 2018లో కాపీ కొట్టడం మీద యూజీసీ నిబంధనలొచ్చాక, ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటిందని పిల్లలు ఏడుపు మొహాలతో వచ్చి "మాటలు మార్చియ్యి అక్కా" అని నా ప్రాణం తీసేవాళ్లు. పక్కవాడి వాక్యాన్ని పట్టుకునే యంత్రం, వెయ్యింతల డోసును చూసి దర్జాగా పాస్ చేసేస్తుంది.

ఇంతలో ఇంకో ఆలోచన. షాపులో మిగిలినవి ఎలాంటివి? చెడిపోయినవి. బహుశా డాక్టరు గారు ఈ తప్పు చూసే ఈ కాపీ పక్కన పెట్టారేమో, సరిచేసినవే ఇచ్చారేమో. ఆ మాటతో పది నిమిషాలు హాయిగా ఉన్నాను. తర్వాత 47వ పేజీని మళ్లీ చూశాను. పెన్సిలు గుర్తు లేదు. 12వ పేజీలో ఒక కామా చుట్టూ మాత్రం ఎవరో సున్నా చుట్టారు. కామా చూసినవాళ్లు దీన్ని చూడలేదా? లేక కామా కోసమే కాపీ తీసేశారా? ఒరిజినల్ ఫైలు నాలాలో పోయింది, నన్నడక్కండి.

డాక్టర్లెవరూ ఆ పట్టిక చూసి 50 మిల్లీగ్రాములు రాయరు, అంత తెలివి అందరికీ ఉంటుంది, అసలు అలాంటి మాత్రే దొరకదు. అది కూడా అనుకున్నాను. కానీ ఇప్పుడు పాత థీసిస్‌లన్నీ స్కాన్ చేసి నెట్లో పెడుతున్నారు. చదివేది మనుషులే అని ఏముంది? చిన్నోడు చేతిలో ఫోనుకే అడుగుతాడు అన్నీ, అది ఎక్కడెక్కడో చదివింది చెబుతుంది.

పేపర్లాయన్ని ఆగమని పెన్ను తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాను. పదకొండు చోట్లా ఎమ్‌కీ జీకీ మధ్య సన్నగా సీ అక్షరం ఇరికించాను. ఆయన వింతగా చూశాడు. "మిల్లుకు పొయ్యేదానికి దిద్దుడెందుకక్కా?" జవాబు లేదు నా దగ్గర. ఆయనే జాలిపడి కిలోన్నరలో అరకిలో వెనక్కి ఇచ్చాడు. ఆరు రూపాయలు. తర్వాత ఆ థీసిస్ నేను ఇవ్వనే లేదు, అట్టతో సహా టీవీ కింద పెట్టాను. అత్తమ్మ చూసి "మళ్ల మొదలువెట్టినవా" అంది.

2015లో ఫిజిక్స్ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడొకటి. హిగ్స్ బరువు మీద ఒక పేపరు వచ్చింది, 33 పేజీలు, దాంట్లో 24 పేజీలు రాసినవాళ్ల పేర్లే, 5,154 మంది. మరి టైపు చేసినామె పేరుందా అన్నాను. నవ్వాడు. అన్ని థీసిస్‌లు కొట్టాను, కృతజ్ఞతల పేజీలో దేవుడు, గైడు, అమ్మానాన్న, హాస్టల్ వంటమనిషి కూడా ఉంటారు. నా పేరు లేదని ఎన్నిసార్లు ఇక్కడే ఏడ్చానో మీకు తెలుసు. ఈ ఒక్కదాంట్లో లేకపోవడం మాత్రం ఇవాళ కాస్త మేలనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది.

డాక్టరు గారిది ఇప్పుడు పెద్ద క్లినిక్. నంబరు పాత డైరీలో ఉంది. వాట్సాప్‌లో నాలుగుసార్లు రాసి తుడిపాను. "సార్, తప్పు నాది" అని రాస్తే అది తప్పో కాదో తెలియకుండానే ఒప్పుకున్నట్టు. "సార్, తప్పుందేమో చూడండి" అంటే ఆయన మీదకు తోసినట్టు. చివరికి, "నమస్తే సార్, నయీంనగర్ డీటీపీ. మీ థీసిస్ కాపీ మీ దగ్గరుంటే 47వ పేజీ ఒకసారి ఫొటో తీసి పెడతారా?" అని పంపాను.

ఒక్క టిక్కే పడింది. ఐదున్నరకు మాత్రకు లేస్తాను కదా, అప్పుడు చూస్తాను.