కనుమ దగ్గర మార్షల్ డ్యూటీ

కొండదారి పరుగుపందెం ఆరింటికి మొదలైతే, దారి చూపించి లెక్క రాసే మార్షల్స్‌గా మేమిద్దరం నాలుగింటికే కొండెక్కడం మొదలుపెట్టాం. మాకిచ్చిన చోటు శిఖరానికి కాస్త కింద, దారి రెండుగా చీలే కనుమ. పరిగెత్తేవాళ్ల సంచీ చిన్నది, మార్షల్ సంచీ పెద్దది. వాళ్లకు పరుగే వేడినిస్తుంది, మనం గంటలకొద్దీ కదలకుండా నిలబడాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, ఆపైన గాలి. అందుకే పైకి చేరగానే చేసిన మొదటి పని, చెమటకు తడిసిన బనీను మార్చుకోవడం.

తర్వాత వాకీ-టాకీ. బండరాయి వెనక నిలబడితే కంట్రోల్‌కి, అంటే పందెం నడిపించేవాళ్లకి, మాట అందలేదు, నాలుగడుగులు పక్కకు జరిగితే అందింది. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి. లేకపోతే మొదటి అంకె తెగిపోయి నంబరు 142 కాస్తా 42 అవుతుంది. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కాబట్టి రెండోది లోపలి జేబులో పెట్టుకున్నాం.

దిగుతూ వచ్చేవాళ్లు పాదాల కిందే చూస్తారు, కొమ్మకు కట్టిన రిబ్బన్ వాళ్ల కంటపడదు. అందుకే వెళ్లకూడని దారికి అడ్డంగా రెండు కర్రలు నేలమీదే పడేశాం. సరైన దారిలో ముప్పై అడుగుల తర్వాత ఇంకో జెండా పాతాం, దారి తప్పలేదని వాళ్లకు తెలియాలిగా. నేను మలుపులో కాకుండా దానికి కాస్త ముందు నిలబడ్డాను. మలుపులోకొచ్చాక చెయ్యి చూపిస్తే అప్పటికే రెండడుగులు తప్పుదారిలో పడి ఉంటాయి.

చప్పట్లు కొట్టడమే మార్షల్ పని అనుకుంటారు. అసలు పని లెక్క. ఒకరు బిబ్ (పరిగెత్తేవాళ్లు ఛాతీ మీద పెట్టుకునే నంబరు చీటీ) చూసి నంబరు అరవాలి, ఇంకొకరు నంబరూ టైమూ రాయాలి. పెన్సిల్‌తోనే, ఎందుకంటే వానకు సిరా చెదిరిపోతుంది. చినుకులు మొదలవగానే అందరూ జాకెట్లు తొడుక్కున్నారు, బిబ్‌లు మాయం! అల్లంత దూరం నుంచే "నంబర్?" అని అరవాల్సి వచ్చింది. గుంపుగా వచ్చినప్పుడు ఒకటి తప్పితే ఊహించి రాయకూడదు. గీత గీసి, టైము వేసి వదిలేయాలి.

నంబరు అడగడంలో ఇంకో లాభం ఉంది. చలి ఒంట్లోకి దిగినవాడు తడబడతాడు, మాట ముద్దగా వస్తుంది, జిప్ పెట్టుకోలేడు. వణుకు ఆగిపోతే కుదుటపడ్డాడనుకోవద్దు, అది ఇంకా ప్రమాదం. అలా వచ్చిన ఒకతన్ని గాలికి చాటుగా సంచీ మీద కూర్చోబెట్టాం, నేలకు తగిలితే వేడి పోతుంది. తడిబట్టలు తీసేసి, పొడివి తొడిగి, రేకుదుప్పటి చుట్టి తీపి పెట్టాం. చేతులూ కాళ్లూ రుద్దకూడదు. 2021 మేలో చైనాలోని గాన్సులో 100 కిలోమీటర్ల పరుగులో 21 మంది పోయింది ఇలాంటి చలిగాలికీ వానకే. అందుకే వెంట తెచ్చుకోవాల్సిన తప్పనిసరి సామాన్లు చూపించమంటే విసుక్కునేవాళ్లతో నేనైతే వాదించను, చూపించేదాకా కదలనివ్వను.

చివరికి స్వీపర్లు, అంటే అందరికన్నా వెనక నడిచొచ్చేవాళ్లు, వచ్చారు. మాకన్నా ముందున్న చెక్‌పాయింట్ దాటినవాళ్లు 214, అక్కడికీ మాకూ మధ్యలో మానేసినవాళ్లు 5. మా కాగితంలో 208 నంబర్లు, ఒక ఖాళీ గీత. మా తర్వాతి చెక్‌పాయింట్ జాబితాలో అదే వరుసలో ఉన్న నంబరు కంట్రోల్ చదివింది. గీత మీద రాసుకుని, సరేనన్నాకే జెండాలు పీకడం మొదలుపెట్టాం.