తోకలోని చిన్న టర్బైన్

విమానం ఆగి ఉన్నప్పుడు తోక చివరి గొట్టం వెనుక గాలి వేడికి వణుకుతూ కనబడితే, లోపల ఏపీయూ (ఆక్సిలరీ పవర్ యూనిట్, అంటే విమానానికి సహాయక శక్తినిచ్చే చిన్న ఇంజన్) తిరుగుతోందని అర్థం. దీపాలకు కరెంటు, ఏసీకి గాలి, ప్రధాన ఇంజన్లను తిప్పి లేపడానికి కావలసిన ఒత్తిడి, అన్నీ ఈ చిన్న టర్బైనే ఇస్తుంది. 1960లలో బోయింగ్ 727 దీన్ని చక్రాల గదిలో అమర్చుకుని వచ్చాక, నేల మీద సరైన పరికరాలు లేని విమానాశ్రయాలకు కూడా జెట్ విమానాలు వెళ్లగలిగాయి.

ఏపీయూ ఎంత నమ్మదగినదో నడిచిన గంటలను బట్టి మాత్రమే నిర్ణయించడం సరికాదని నా దృఢాభిప్రాయం. చల్లగా ఉన్న టర్బైన్ రెక్కలు ప్రతి స్టార్టులోనూ ఒక నిమిషం తిరగకముందే వందల డిగ్రీల వేడిని చవిచూస్తాయి కనుక, గంటలతో పాటు స్టార్టుల లెక్క కూడా చూడాలి. ఆపేటప్పుడు బ్లీడ్ గాలిని (ఏసీకి, ఇంజన్లకు పంపే ఒత్తిడి గాలిని) మూసి, కాసేపు భారం లేకుండా తిప్పి చల్లబరిచేది కూడా ఈ రెక్కల కోసమే.

మండుటెండలో గాలి పలుచబడుతుంది. అదే పని చేయడానికి ఎక్కువ ఇంధనం మండాలి, ఎగ్జాస్ట్ (బయటికి వెళ్లే వేడి వాయువు) ఉష్ణోగ్రత పరిమితికి దగ్గరవుతుంది. అప్పుడు కంట్రోలర్ కరెంటుకే పెద్దపీట వేసి, బ్లీడ్ గాలిని తగ్గిస్తుంది. క్యాబిన్ చల్లబడలేదని ప్రయాణికులు విసుక్కునే ఆ సమయంలో ఏపీయూ చెడిపోయి ఉండకపోవచ్చు, తనను తాను కాపాడుకుంటూ ఉండవచ్చు. అయితే గాలిని నొక్కే కంప్రెసర్ మురికిపట్టినా, అరిగినా ఆ పరిమితి మరింత ముందే ఎదురవుతుంది. సీలు దాటి ఆయిల్ కారితే క్యాబిన్‌లో మురికి మేజోళ్ల వాసన వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఏపీయూ పనిచేయకపోయినా, నేల మీది యంత్రాల సాయంతో ఇంజన్లు స్టార్టు చేసి, నిబంధనలు అనుమతించిన మేరకు విమానం బయలుదేరవచ్చు. అసలు పరీక్ష గాలిలోనే ఉంది. 2009 జనవరి 15న యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానాన్ని పక్షులు ఢీకొని రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయినప్పుడు, కెప్టెన్ సలెన్‌బర్గర్ చెక్‌లిస్టులో ఆ అంశం రాకముందే ఏపీయూను స్టార్టు చేశారు. హడ్సన్ నది మీద దిగేదాకా విమానానికి కరెంటు అందడానికి అది తోడ్పడింది. అక్కడ ఎత్తు తక్కువ. సముద్రం మీద, మైనస్ యాభై డిగ్రీల చలిలో గంటల తరబడి నానిన ఏపీయూ, ఆయిల్ చిక్కబడి, గాలి పలుచబడిన చోట కూడా లేవగలగాలి. సుదూర మార్గాల్లో తిరిగే రెండింజన్ల విమానాలలో దాన్ని మార్గమధ్యంలో స్టార్టు చేసి చూసి, ఫలితం నమోదు చేస్తారు. ఏపీయూ రికార్డు చేతికొస్తే నేను ముందుగా తెరిచేది ఆ పుటనే.